ఇంటి కంట్రోలర్ మార్చేటప్పుడు: పెద్దవారున్న ఇళ్ళలో తీసుకోవలసిన జాగ్రత్తలు

వృద్ధాప్యంలో తుంటి ఎముక విరగడం గురించి వ్రాసినప్పుడల్లా పడకగది నుంచి మరుగుదొడ్డికి వెళ్ళే దారిలో వెలుతురు ఉండాలని చెబుతూ వచ్చాను. ఒకప్పుడు ఆ వెలుతురు అంటే జీరో బల్బు. ఈనాడు చాలా ఇళ్ళలో అది మనిషి కదలికను పసికట్టి దానంతట అదే వెలిగే బల్బు. విదేశాలలోనో, హైదరాబాదు, బెంగుళూరు వంటి నగరాలలోనో ఉద్యోగాలు చేసే పిల్లలు సెలవులకు వచ్చినప్పుడు తల్లిదండ్రుల ఇంట్లో ఇటువంటి పరికరాలు అమర్చి వెళ్తున్నారు. మంచి పనే. అయితే ఈ పరికరాలన్నిటినీ నడిపించే కంట్రోలర్‌ను ఎప్పుడో ఒకప్పుడు మార్చవలసి వస్తుంది. ఆ మార్పిడి సాగే నాలుగైదు రోజులు ఇంట్లోని పెద్దవారికి ప్రమాదకరమైన రోజులు.

ముప్పైనాలుగేళ్ళు ప్రభుత్వ ఆసుపత్రులలో పనిచేసిన వైద్యుడికి ఈ బల్బుల గొడవ ఎందుకని పాఠకులకు అనిపించవచ్చు. అర్ధరాత్రి వెలగని బల్బు తెల్లవారేసరికి ఎముకల వార్డులో ఒక మంచాన్ని నింపగలదు. అందుచేత ఇది కూడా ఆరోగ్య విషయమేనని నేను భావిస్తున్నాను.

రాత్రి నడకలో ఉండే ప్రమాదం

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది పడిపోవడం వలన మరణిస్తున్నారు. అనుకోని గాయాల వలన కలిగే మరణాలలో రోడ్డు ప్రమాదాల తరువాతి స్థానం దీనిదే. పడిపోయి ప్రాణాలు కోల్పోయేవారిలో అరవై ఏళ్ళు దాటినవారే ఎక్కువ.

వయసు మళ్ళినవారు రాత్రి పూట లేవడానికి కారణాలు అనేకం. పురుషులలో ప్రోస్టేటు గ్రంథి పెరగడం, మధుమేహం, సాయంత్రం వేళ వేసుకునే మూత్రం జారీ చేసే మందులు, పగలంతా కాళ్ళలో చేరిన నీరు పడుకున్నాక తిరిగి రక్తంలోకి రావడం వాటిలో ముఖ్యమైనవి. లేచి నిలబడిన మూడు నిమిషాలలోపు రక్తపోటులో పై అంకె 20 గాని, క్రింది అంకె 10 గాని తగ్గితే కళ్ళు తిరగవచ్చు, తూలు రావచ్చు. రక్తపోటుకూ, ప్రోస్టేటుకూ, నిద్రకూ వాడే కొన్ని మందులు దీనిని పెంచుతాయి. వీటికి తోడు వయసుతో కంటిపాప చిన్నదవుతుంది, కంటి కటకం పసుపుబారుతుంది, చీకటికి కళ్ళు అలవాటు పడటానికి ఎక్కువ సమయం పడుతుంది.

కాబట్టి కాలు నేల మీద పెట్టేసరికి దారి కనిపించాలి. ఆ వెలుతురు పలచగా, పసుపు నారింజ రంగులో, నేలకు దగ్గరగా ఉంటే మంచిది. కళ్ళు మిరుమిట్లు గొలిపే తెల్లని కాంతి నిద్రను చెడగొడుతుంది. అది ఆరిపోయాక చీకటి మరింత చిక్కగా కనిపిస్తుంది. కదలికను గుర్తించే సెన్సరు, దానికి జతచేసిన బల్బు ఈ పనిని చక్కగా చేస్తాయి. కాని ఒకసారి వాటికి అలవాటు పడిన మనిషి గోడ మీది స్విచ్చి కోసం తడుముకోవడం మానేస్తాడు. వెలుతురు వస్తుందన్న నమ్మకంతో అడుగు వేస్తాడు. అడుగు పడిన తరువాత వెలుతురు రాకపోతే జరిగే ప్రమాదం, అసలు వెలుతురే లేని ఇంట్లో జరిగే ప్రమాదం కంటె తక్కువేమీ కాదు.

కంట్రోలర్ ఎందుకు మార్చవలసి వస్తుంది?

మూడేళ్ళ క్రితం నా శ్రీమతికి ఎడమ తుంటి ఎముక విరిగి శస్త్రచికిత్స జరిగింది. ఆ తరువాత సంక్రాంతికి డల్లాసు నుంచి వచ్చిన మా అబ్బాయి కాకినాడలోని మా ఇంట్లో ఏడు బల్బులు, మూడు కదలిక సెన్సర్లు, వీధి తలుపుకు ఒక సెన్సరు, రెండు ప్లగ్గులు, మంచం ప్రక్కన ఒక అత్యవసర మీట అమర్చాడు. ఈ పద్నాలుగింటినీ నడిపించే చిన్న పెట్టెను హాలులో టీవీ బల్ల మీద పెట్టాడు. రెండేళ్ళు అవి నిక్షేపంగా పనిచేశాయి. గత ఏడాది వేసవిలో ఆ పెట్టె తయారుచేసిన సంస్థ నుంచి ఫలానా తేదీ తరువాత సేవలు నిలిపివేస్తున్నామని సందేశం వచ్చింది.

ఇది అరుదైన విషయం కాదు. అమెరికాలో రివాల్వ్ అనే హబ్‌ను నెస్ట్ సంస్థ కొనుగోలు చేసి, 2016 మే నెలలో దాని సేవలను ఆపివేసింది. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు ముందస్తు హెచ్చరిక లేకుండా మూగబోయాయి. పెట్టె పాడైపోవడం, పిడుగుపాటుకు కాలిపోవడం, ఇంటర్నెట్ సంస్థ మారినప్పుడు రౌటర్ మారడం వంటివి మన ఊళ్ళలో తరచు జరిగేవే. మందులకు కాలపరిమితి ఉన్నట్లే ఈ పరికరాలకూ ఉంటుంది. వ్యత్యాసమల్లా, వీటి అట్టపెట్టెల మీద ఆ తేదీ ముద్రించి ఉండదు.

మారితే పరికరాలు ఎందుకు పలకవు?

ఈ పరికరాలలో చాలావాటికి జిగ్‌బీ అనే పద్ధతి ఆధారం. ఒక జిగ్‌బీ పరికరం ఒకసారి ఒక్క కంట్రోలర్‌కు మాత్రమే చెంది ఉంటుంది. చేరేటప్పుడు ఆ కంట్రోలర్ దానికి 128 బిట్ల రహస్య సంకేతాన్ని ఇస్తుంది. పాత పెట్టెను పీకి కొత్తది పెట్టినా బల్బు తన వద్ద ఉన్న పాత సంకేతంతోనే ఎదురుచూస్తూ ఉంటుంది. కొత్త పెట్టె మాట వినదు. అందుచేత పాత పెట్టె ఇంకా బ్రతికి ఉండగానే దాని యాప్‌లోంచి ఆ పరికరాన్ని తొలగించాలి. అలా తొలగిస్తే పాత సంకేతాన్ని విడిచిపెట్టమనే ఆజ్ఞ పరికరానికి అందుతుంది. పాత పెట్టె ముందే చనిపోతే ఒక్కొక్క పరికరాన్నీ చేతితో రీసెట్ చేయాలి. సెన్సర్లకు సాధారణంగా సన్నని రంధ్రంలో మీట ఉంటుంది. బల్బులకైతే చాలా రకాలలో వరుసగా కొన్నిసార్లు ఆపి వెలిగించాలి. ఎన్నిసార్లు అన్నది తయారీదారును బట్టి మారుతుంది.

వైఫైతో పనిచేసే బల్బులు, ప్లగ్గుల తీరు వేరు. అవి రౌటర్ పేరునూ, పాస్‌వర్డునూ గుర్తుపెట్టుకుంటాయి. కొత్త రౌటర్‌కు పాత పేరు, పాత పాస్‌వర్డు అక్షరం పొల్లుపోకుండా పెడితే వాటిలో చాలాభాగం మనం ముట్టుకోనక్కరలేకుండానే తిరిగి కలుస్తాయి. అవి కలవకపోతే రెండు విషయాలు చూడాలి. ఈ పరికరాలలో అధికభాగం 2.4 గిగాహెర్ట్జ్ వైఫైని మాత్రమే అందుకుంటాయి. కొత్త రౌటర్‌లో అది ఆపివేసి ఉండకూడదు. రౌటర్ భద్రతను డబ్ల్యూపీఏ3 మాత్రమే అని పెడితే పాత పరికరాలు చేరలేవు. డబ్ల్యూపీఏ2 కూడా అనుమతించే అమరికకు మార్చాలి. ఇవి కాక, ప్రతి వైఫై పరికరమూ ఎవరో ఒకరి ఖాతాకు ముడిపడి ఉంటుంది. పాత ఖాతాలోంచి విడిపించకపోతే కొన్ని పరికరాలు కొత్త ఖాతాకు ససేమిరా రావు.

అమెరికా నుంచి పిల్లలు తెచ్చే వస్తువుల గురించి ఒక హెచ్చరిక. జీ-వేవ్ అనే మరొక పద్ధతి దేశాన్ని బట్టి వేరు వేరు పౌనఃపున్యాలలో పనిచేస్తుంది. అమెరికాలో అది 908 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటే మన దేశంలో 865 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో ఉంటుంది. అక్కడి పరికరం ఇక్కడ కొన్న కంట్రోలర్‌తో ఎన్ని రీసెట్లు చేసినా కలవదు. అక్కడి 120 వోల్టులకు తయారైన ప్లగ్గును మన 230 వోల్టులకు తగిలిస్తే మాడిపోయే ప్రమాదం కూడా ఉంది.

2022 అక్టోబరులో మొదటి రూపం విడుదలైన మ్యాటర్ అనే ప్రమాణం ఈ చిక్కును కొంత తగ్గించింది. మ్యాటర్ పరికరం ఒకే సమయంలో రెండు మూడు కంట్రోలర్లకు లోబడి ఉండగలదు. పాత కంట్రోలర్ యాప్‌లో ఆ పరికరాన్ని పంచుకునేందుకు అనుమతిస్తే వచ్చే సంకేతాన్ని కొత్తదానికి ఇవ్వాలి. అయితే పరికరం మీద ముద్రించిన పదకొండు అంకెల సంకేతం మొదటిసారి చేర్చడానికీ, రీసెట్ చేసిన తరువాతా మాత్రమే పనికివస్తుంది. ఆ చీటీని ఫోనుతో ఫొటో తీసి దాచుకోవాలి. గోడకు బిగించిన తరువాత అది ఎవరికీ కనిపించదు.

మార్పిడికి ముందు: కేసు షీటు

రోగిని ఒక వార్డు నుంచి మరొక వార్డుకు పంపేటప్పుడు కేసు షీటు వెంట వెళ్తుంది. ఏ మందులు, ఎంత మోతాదులో, ఏ వేళకు ఇస్తున్నారో అందులో ఉంటుంది. అది లేకుండా వెళ్ళిన రోగికి ఒక పూట మందు తప్పిపోవడం ఎన్నోసార్లు చూశాను. ఇంటి పరికరాలకు కూడా అటువంటి షీటు ఒకటి కాగితం మీద వ్రాసుకోవాలి.

మా అబ్బాయి వీడియో కాల్‌లో చెబుతూ ఉంటే నేను ఒక నోటుపుస్తకంలో నాలుగు గడులు గీసి వ్రాశాను. మొదటి గడిలో పరికరం పేరు, అది ఉన్న చోటు. రెండవ దానిలో అది కరెంటుతో నడుస్తుందా, బ్యాటరీతోనా, బ్యాటరీ అయితే ఏ రకం. మూడవ దానిలో అది చేసే పని: ఉదాహరణకు, రాత్రి పది నుంచి ఉదయం ఆరు వరకు నడవాలో కదలిక ఉంటే పది శాతం కాంతితో రెండు నిమిషాలు వెలగాలి. నాలుగవ దానిలో అది పనిచేయకపోతే ఏమవుతుంది. ఈ నాలుగవ గడే అన్నిటికంటె ముఖ్యమైనది. వరండా బల్బు పనిచేయకపోతే ఏమీ కాదు. నడవా సెన్సరు, అత్యవసర మీట పనిచేయకపోతే ప్రాణానికే ముప్పు.

మూడవ గడి ఎందుకంటే, పరికరాలు కొత్త కంట్రోలర్‌కు తరలివచ్చినా వాటికి చెప్పిన నియమాలు సాధారణంగా తరలిరావు. మళ్ళీ ఒక్కొక్కటే వ్రాసుకోవాలి. పాత యాప్ మూతపడిన తరువాత ఆ నియమాలు ఏమిటో జ్ఞాపకం చేసుకోవడం చాలా కష్టం.

మార్పిడి క్రమం

మూర్ఛరోగికి ఒక మందు మాని వేరొకటి వేయవలసి వచ్చినప్పుడు పాతది ఒక్కసారిగా ఆపము. కొత్తది మొదలుపెట్టి, అది పట్టు చిక్కించుకున్న తరువాత పాతదానిని మెల్లగా తగ్గిస్తాము. రెంటి మధ్య మందు లేని కాలం ఉండకూడదు. ఇక్కడా అదే సూత్రం. జిగ్‌బీ పరికరం ఇద్దరు యజమానులను ఒప్పుకోదు కనుక ఆ మధ్యకాలాన్ని మరో విధంగా పూడ్చాలి. మా ఇంట్లో మార్పిడి మొదలుపెట్టే ముందురోజే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి నడవాలో మామూలు జీరో బల్బు పెట్టించాను. మంచం ప్రక్కన ఒక టార్చిలైటు, బ్యాటరీతో మ్రోగే మామూలు కాలింగ్ బెల్లు కూడా పెట్టాము. ఆ బెల్లు మ్రోగే పెట్టె ప్రక్కవాటా వారి ఇంట్లో ఉంచాము. అన్నీ కలిపి వెయ్యి రూపాయలలోపే అయ్యాయి.

ఆ తరువాత పాటించిన క్రమం ఇది:

1. ముందుగా ప్రాణానికి సంబంధం లేని పరికరాలు: వరండా బల్బు, హాలులోని బల్బులు. కొత్త కంట్రోలర్ తీరు వీటితోనే తెలుసుకోవాలి.

2. కరెంటుతో నడిచే వాటిని ముందు, బ్యాటరీతో నడిచే వాటిని తరువాత చేర్చాలి. జిగ్‌బీలో కరెంటుతో నడిచే బల్బులు, ప్లగ్గులు చాలావరకు ఇతర పరికరాల సందేశాలను అందుకుని ముందుకు పంపుతాయి. బ్యాటరీ సెన్సర్లు ఆ పని చేయవు. దారి వేసిన తరువాతే ప్రయాణికులను పంపాలి కదా.

3. కంట్రోలర్‌కు దగ్గరగా ఉన్నవాటితో మొదలుపెట్టి దూరంగా ఉన్నవాటి వైపు వెళ్ళాలి. సెన్సరును అది ఉండవలసిన చోటనే ఉంచి చేర్చాలి. బ్యాటరీ ఆదా కోసం సెన్సరు ఎక్కువసేపు నిద్రపోతుంది; చేర్చేటప్పుడు మధ్యమధ్య దాని మీట నొక్కి మేలుకొలపాలి.

4. రాత్రి దారిలోని సెన్సర్లు, అత్యవసర మీట చివరన, అదీ ఉదయం పూట చేయాలి. సాయంత్రం మొదలుపెడితే ఏదైనా చిక్కు వచ్చినప్పుడు రాత్రి ముంచుకొస్తుంది.

నడవా సెన్సరు రాత్రి మాత్రమే పనిచేయకపోవడం

మా ఇంట్లో మూడవ రోజు మధ్యాహ్నానికి పద్నాలుగు పరికరాలూ కొత్త పెట్టెకు చేరాయి. నడవాలో నడిచి చూశాము, బల్బు వెలిగింది. అబ్బాయి సంతోషించాడు. మర్నాడు ఉదయం నా శ్రీమతి, "ఏమండీ, రాత్రి రెండుసార్లు లేచాను. ఆ లైటు ఒక్కసారీ వెలగలేదు. జీరో బల్బు ఉండబట్టి సరిపోయింది" అన్నది. నేను వెళ్ళి నడవాలో నిలబడ్డాను. బల్బు చక్కగా వెలిగింది.

పగలు లేని లక్షణం రాత్రి కనిపిస్తే వైద్యుడు ముందుగా అడిగే ప్రశ్న, రాత్రికీ పగటికీ మారినదేమిటి అని. మూడు అనుమానాలు వచ్చాయి. ఒకటి, బ్యాటరీ బలహీనపడి ఉండవచ్చు. కొత్తది వేశాము, ఆ రాత్రి కూడా వెలగలేదు. రెండు, కొన్ని సెన్సర్లు పరిసరాలు చీకటిగా ఉన్నప్పుడే పనిచేస్తాయి. జీరో బల్బు వెలుతురు చూసి అది పగలు అనుకుంటున్నదేమో. అయితే పట్టపగలే వెలుగుతున్నది కనుక ఆ అనుమానం నిలవలేదు. మూడవది, రాత్రి పది తరువాత ఇంట్లో మనుషులు చేసే పనులు. రోజూ పడుకునే ముందు హాలులోని దీపాలన్నీ గోడ స్విచ్చితో ఆపడం మా ఇంట్లో నలభై ఏళ్ళ అలవాటు.

మధ్యాహ్నం మూడు గంటలకు హాలు బల్బు గోడ స్విచ్చి ఆపి, కొంతసేపు ఆగి నడవాలో నడిచాను. దీపం వెలగలేదు. స్విచ్చి వేసి కొన్ని నిమిషాలు ఆగాము. మళ్ళీ వెలిగింది. మూడుసార్లు చేసినా అదే ఫలితం.

కారణం ఇప్పుడు స్పష్టమైంది. పాత పెట్టె హాలులో, నడవాకు ఎదురుగా ఉండేది. సెన్సరు దానితో నేరుగా మాట్లాడేది. ఇంటర్నెట్ వైరు అమర్చడానికి వచ్చిన కుర్రవాడు కొత్త పెట్టెను ముందుగదిలో రౌటర్‌కు ఆనించి పెట్టాడు. మా ఇల్లు పాతకాలపుది, మధ్యలో రెండు మందపాటి ఇటుక గోడలున్నాయి. సెన్సరు సందేశం హాలు బల్బు ద్వారా మాత్రమే ముందుగదికి చేరుతున్నది. గోడ స్విచ్చి ఆపగానే ఆ వారధి తెగిపోతున్నది. రక్తనాళంలో ఒక్క దారే మిగిలినప్పుడు, ఆ ఒక్కటీ మూసుకుంటే ఏమవుతుందో ఇదీ అంతే.

చికిత్స సులభమే. పెద్ద కేబులు తెప్పించి పెట్టెను తిరిగి హాలులోకి మార్చాము. రౌటర్‌కు, దానికి మధ్య దూరం ఏర్పడటం వలన మరొక మేలు కూడా కలిగింది. వైఫై, జిగ్‌బీ రెండూ 2.4 గిగాహెర్ట్జ్ ప్రాంతంలోనే పనిచేస్తాయి. పెట్టెలు ఒకదానికొకటి ఆనుకుని ఉంటే సందేశాలు చెదిరిపోతాయి. కనీసం ఒక మీటరు ఎడం ఉండాలి. నడవాలోని సాకెట్‌లో ఎప్పుడూ వెలిగే ఒక ప్లగ్గును ఉంచి రెండవ దారి కూడా ఏర్పరచాము. దాని స్విచ్చి మీద "ఆపవద్దు" అని చీటీ అంటించాను. జీరో బల్బును మరో వారం రోజులు తీయలేదు.

ఇందులో గ్రహించవలసినది ఒకటుంది. మన ఇళ్ళలో పని అయిపోగానే స్విచ్చి ఆపడం మంచి అలవాటు. పెద్దవారు దానిని మానుకోలేరు, మానుకోమనడం న్యాయం కూడా కాదు. వారి అలవాట్లకు తగినట్లు పరికరాలను అమర్చాలి. రాత్రి భద్రతకు ఆధారమైన పరికరం ఏదీ ఎవరైనా ఆపగల స్విచ్చి వెనుక ఉండకూడదు.

తరచుగా కనిపించే ఇతర లక్షణాలు

వేళ తప్పి వెలగడం: సూర్యాస్తమయానికి వెలగవలసిన మా వరండా దీపం జూన్‌లో ఉదయం ఏడు గంటలకు వెలిగింది. అప్పుడు డల్లాసులో ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర, అంటే అక్కడి సూర్యాస్తమయం. కొత్త ఖాతా అబ్బాయి ఫోనులో తెరవడం వలన ఇంటి చిరునామాగా డల్లాసు నమోదైంది. చిరునామాను, కాలమండలాన్ని మన ఊరికి మార్చగానే సరిపోయింది. పిల్లలు విదేశాల నుంచి ఖాతా తెరిచే ప్రతి ఇంట్లోనూ దీనిని మొదట చూడాలి. దీపానికైతే నవ్వుకోవచ్చు, మందు వేళను గుర్తుచేసే నియమమైతే ఇన్సులిన్ వేళ తప్పుతుంది.

కరెంటు వచ్చినప్పుడు అన్నీ ఒక్కసారి వెలగడం: కరెంటు పోయి తిరిగి వచ్చినప్పుడు ఏ స్థితిలో ఉండాలన్నది పరికరంలో ఒక అమరిక. రీసెట్ చేసినప్పుడు అది మొదటికి వస్తుంది. చాలా బల్బులలో మొదటి స్థితి పూర్తి కాంతితో వెలగడం. రాత్రి రెండు గంటలకు కరెంటు వస్తే పడకగది పట్టపగలవుతుంది. గీజరుకు పెట్టిన ప్లగ్గు అయితే ఎవరికీ తెలియకుండా నీళ్ళు మరుగుతూ ఉంటాయి. గీజరు వంటి వాటిని "ఆగి ఉండాలి" అనే స్థితిలోనే పెట్టాలి. ప్లగ్గు 16 ఆంపియర్లను తట్టుకునేదై ఉండాలి.

మాటకు స్పందించకపోవడం: మాటతో నడిపించే పరికరాలలో పాత పేర్లు అలాగే మిగిలిపోతాయి. "పడకగది లైటు" అనే పేరుతో చనిపోయినది ఒకటి, బ్రతికినది ఒకటి ఉంటే ఆజ్ఞ చనిపోయినదానికి వెళ్ళవచ్చు. పాత పేర్లను పూర్తిగా తొలగించాలి.

మౌనంగా ఆగిపోవడం: వైఫై ద్వారా రీడింగులు పంపే రక్తపోటు యంత్రాలు, నిద్రలో శ్వాసకు వాడే యంత్రాలు రౌటర్ మారినప్పుడు పనిచేస్తూనే ఉంటాయి గాని సమాచారం పంపడం ఆపివేస్తాయి. దూరాన ఉన్న పిల్లలు అంతా బాగానే ఉందనుకుంటారు. రౌటర్ మార్చిన వారంలోపు వీటిని సరిచూడాలి.

ఏ లక్షణమైనా సరే, ఒకసారి ఒక్క మార్పే చేయాలి. ఒకేసారి బ్యాటరీ మార్చి, పెట్టె జరిపి, యాప్ తీసి మళ్ళీ వేస్తే రోగం కుదిరినా ఏ మందుకు కుదిరిందో తెలియదు. అన్ని పరికరాలూ పలకకపోతే కంట్రోలర్‌నో, రౌటర్‌నో చూడాలి. ఒక్కటే పలకకపోతే దానినీ, దాని దారినీ చూడాలి.

పనిచేస్తున్నదని ఎప్పుడు నమ్మాలి?

యాప్‌లో పచ్చని గుర్తు కనిపించడం చాలదు. ఐ.సి.యు.లో మానిటరు మీద గీత ఎలా ఉన్నా వైద్యుడు ముందు రోగి ముఖం చూస్తాడు. మార్పిడి పూర్తయిన తరువాత ఈ నాలుగు పరీక్షలూ చేయాలి.

మొదటిది, రాత్రి పరీక్ష. ఇంట్లో అందరూ పడుకున్న తరువాత, స్విచ్చులన్నీ రోజూ ఎలా ఆపుతారో అలాగే ఆపి, పెద్దవారు నడిచే వేగంతోనే మంచం నుంచి మరుగుదొడ్డి వరకు వేరొకరు నడిచి చూడాలి. రెండవది, ఇంటర్నెట్ వైరు తీసి పరీక్షించాలి. కొన్ని కంట్రోలర్లు ఇంటర్నెట్ లేకున్నా ఇంట్లోని నియమాలను నడుపుతాయి, కొన్ని నడపలేవు. రాత్రి దీపానికి మొదటి రకమే కావాలి. మూడవది, మెయిన్ స్విచ్చి ఆపి ఇన్వర్టరు మీద పరీక్షించాలి. కంట్రోలరూ, రౌటరూ, రాత్రి బల్బూ ఇన్వర్టరు లైనులో ఉన్నాయో లేదో అప్పుడే తెలుస్తుంది. నాలుగవది, అత్యవసర మీట నొక్కి చూడాలి. ఎవరి ఫోను, ఎంతసేపటికి మ్రోగిందో గడియారం చూసి వ్రాసుకోవాలి. ఆ ఫోను డల్లాసులో మాత్రమే మ్రోగితే దాని వలన తక్షణ ప్రయోజనం తక్కువ. ప్రక్కింటివారి ఫోను కూడా మ్రోగాలి. 108 సంఖ్యనూ, దగ్గరి బంధువుల సంఖ్యలనూ పెద్ద అక్షరాలతో వ్రాసి గోడకు అంటించాలి. కాగితానికి బ్యాటరీ అక్కరలేదు.

ఈ నాలుగూ వరుసగా ఏడు రాత్రులు నిలిస్తే పాత పెట్టెను తీసివేయవచ్చు. ఆ తరువాత కూడా నెలకొకసారి మీటను నొక్కి చూడటం మంచిది. తలుపుకు స్మార్ట్ తాళం ఉన్నవారు మామూలు తాళంచెవిని ప్రక్కింట్లో ఒకటి ఉంచాలి.

దూరాన ఉన్న పిల్లలకు ఒక్క మనవి. తల్లిదండ్రుల ఇంట్లో ఏ పరికరం అమర్చినా దాని కేసు షీటు తెలుగులో వ్రాసి ఇంట్లోనే ఉంచండి. పాస్‌వర్డు మీ ఒక్కరికే తెలిసి ఉంటే, మీరు విమానంలో ఉన్న పద్దెనిమిది గంటలలో ఇంట్లో ఎవరూ ఏమీ చేయలేరు. మార్పిడి మీరు ఇంట్లో ఉన్న రోజులలోనే, తిరుగు ప్రయాణానికి కనీసం పది రోజుల ముందే చేయండి. ప్రయాణం ముందురోజు రాత్రి మొదలుపెట్టవద్దు.

పెద్దవారికి కూడా ఒక మాట. ఈ పరికరాలు మన మంచికే వచ్చాయి. వాటిని చూసి భయపడనక్కరలేదు, గుడ్డిగా నమ్మనూ అక్కరలేదు. రాత్రి లేచినప్పుడు మంచం అంచున ఒక నిమిషం కూర్చోండి. పాదాలను నాలుగైదుసార్లు ఆడించండి. దీపం వెలిగిందని కళ్ళతో చూసిన తరువాతే నిలబడండి. వెలగకపోతే టార్చి వేసుకోండి, లేదా ప్రక్కవారిని లేపండి. లేపడానికి మొహమాటపడకండి.